అయిదింతల వేగం

ఏప్రిల్ 9, 2006

తుఫాన్ వచ్చేసింది. హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో రెండు అట్టపెట్టెల నిండా ఆ సాఫ్ట్‌వేర్ సీడీలు. పైన ఎర్రక్షరాలతో "మీ మామూలు ఫోన్ లైను మీదే అయిదింతల వేగం" అని ఉంది. గోదావరిఖని, సెంటినరీ కాలనీ, అటు శ్రీరాంపూర్ దాకా ఏజెన్సీ నా ఒక్కడిదే.

ఈ ఊళ్లో ఇంటర్నెట్ అన్న మాట మొదట పలికింది నేను. నా నెట్ సెంటర్ తెరిచిన రోజు చౌరస్తాలో సగంమంది అది ఎస్టీడీ బూత్ అనుకుని లోపలికొచ్చి వరంగల్‌కు ఫోన్ కలపమన్నారు. అలాంటి ఊరికి మెయిలంటే ఏమిటో నేర్పాను. ఇప్పుడేమో నా దగ్గరే రెండేళ్లు కీబోర్డుల మీద బొగ్గు దుమ్ము తుడిచిన కిషన్ పక్కసందులో దుకాణం పెట్టి, టెలిఫోన్ వాళ్ల తరఫున బ్రాడ్‌బ్యాండ్‌కు పేర్లు రాసుకుంటున్నాడట. బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో చెప్పరా అంటే "లావు లైనన్నా" అన్నాడు. లావట! వీడితో నాకు పోటీ.

తుఫాన్ కిటుకు వేరు. బొమ్మలన్నిటినీ హైదరాబాద్‌లోనే నొక్కి చిన్నవి చేసి పంపుతుంది. ఒకసారి చూసిన పేజీని దాచిపెట్టుకుని, మళ్లీ అడిగితే తన దగ్గరిదే టక్కున చూపిస్తుంది. కొత్త తీగ అక్కర్లేదు, కొత్త పెట్టె అక్కర్లేదు. తెలివి చాలు. కానీ ఈ ఊరివాళ్లకు లావు కావాలి.

ఏప్రిల్ 12

ఇంటి లైను మీద తుఫాన్‌ను పరీక్షిస్తున్నాను. బ్రహ్మాండం. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా కనెక్షన్ తెగుతోంది, అది దాని తప్పు కాదు.

నెట్ నడుస్తున్నంతసేపు ఫోన్ మోగదు కాబట్టి, మా ఆవిడ ధరణితో మాత్రం గొడవ.

"పొద్దుగాల సంది ఫోన్ ఎంగేజే. బాపు మొదటి షిఫ్టుల ఉన్నడు. తీసెయ్యి."

"పరీక్ష నడుస్తోంది ధరణీ. ఇప్పుడాపితే మళ్లీ మొదటికొస్తుంది."

"షిఫ్టు దిగినంక పెట్టుకో. ఎవ్వలు వద్దన్నరు?"

మా నాన్న గుడివాడ నుంచి సర్వేయరుగా వచ్చినవాడు. ధరణి నాన్న ఆగయ్య బాయిలోకి దిగి బొగ్గు తీసే మనిషి. ఇద్దరూ వద్దంటే ఇద్దరినీ కాదని చేసుకున్న పెళ్లి మాది. ఆమె బీఎస్సీ చదివింది. అయినా ఈ ఒక్క విషయంలో కాలనీ పిల్లే. కాలనీలో ఏ ఇంటి మనిషైనా బాయిలో ఉన్నంతసేపు ఆ ఇంట్లో ఫోన్‌ను ఎవరూ ముట్టరు. అక్కచెల్లెళ్లతో ముచ్చట్లయినా షిఫ్టు దిగాకే. అది మోగితే వంట మీద ఉన్న మనిషి కూడా మొదటి గంటకే వచ్చి ఎత్తుతుంది. అత్తగారి క్వార్టర్‌లో ఫోన్ లేదు కాబట్టి బాయి మీద ఆఫీసులో రాయించిన నంబరు మాది. అందుకని మా ఇంట్లోనూ అదే ఆచారం.

ఇన్నేళ్లలో బాయి నుంచి ఒక్కసారైనా ఫోన్ వచ్చిందా అని అడిగాను.

"రావద్దనే కదా ఖాళీగ ఉంచుతున్నం" అంది.

సరే. ఆయన షిఫ్టులో ఉన్నప్పుడు పెట్టనని మాటిచ్చాను. మాటే కదా.

ఏప్రిల్ 16

వెంకటరామయ్య గారు సెంటర్‌కు వచ్చారు. నాన్నకు స్నేహితుడు, రిటైరైన ఇంజనీరు, క్లబ్బు సెక్రటరీ, తుఫాన్ పెట్టించుకున్న మొదటి పెద్దమనిషి. కొడుకు వినీత్‌కు నెట్‌లో సంబంధాలు చూస్తున్నారు.

"స్పీడు బావుందయ్యా రఘూ. కానీ పిల్లలందరూ ఒకేలా ఉన్నారు. ఒక్కదానికీ ముక్కు కనబడ్డంలేదు."

"బొమ్మను నొక్కి పంపుతుంది కదండీ, కాస్త మసకబారుతుంది."

"మసకేమిటయ్యా, షిఫ్టు దిగి ఇంకా స్నానం చెయ్యనట్టున్నారు."

వేగం కావాలా ముక్కు కావాలా తేల్చుకోమన్నాను. కాస్త నొచ్చుకున్నారనుకుంటాను.

ఏప్రిల్ 20

సెంటినరీ కాలనీలో తుఫాన్ పెట్టించుకున్నవాళ్లు ఒక్కొక్కరే తీసేస్తున్నారు. ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోవడం లేదట. కొత్తదంటే భయం. చదువు లేకపోతే అంతే.

ఏప్రిల్ 24, పొద్దున

తుఫాన్ కొత్త వెర్షన్ వచ్చింది. ఇందులో బొమ్మలు స్పష్టంగా ఉంటాయట. దిగడానికి పూట పట్టేట్టుంది. సెంటర్ లైన్లన్నీ గిరాకీకే సరిపోవు, ఇంట్లోనే పెట్టాను. మామయ్య రెండో షిఫ్టనే గుర్తు. సోమవారం షిఫ్టులు మారతాయి, నిజమే, కానీ ప్రతి వారం ఎవరు చూసుకుంటారు?

మోడెం కూత వినబడకుండా చేసి, మానిటర్ కట్టేసి వచ్చాను. కరెంటు ఆదా.

ఏప్రిల్ 24, మధ్యాహ్నం

పూర్తిగా దిగింది. ఒక్కసారి కూడా తెగలేదు! ఈ ఊరి లైన్ల మీద ఇది రికార్డు. తలుపు తీసే ఉంది, ధరణి కనబడలేదు, పక్కింటికి వెళ్లుంటుంది.

ఏప్రిల్ 25

నిన్న ఒక చిన్న సంగతి జరిగింది.

బాయిలో కప్పు నుంచి బొగ్గు పెళ్ల జారి మామయ్య పాదం మీద పడింది. ఎముక విరిగింది. ప్రాణానికేం భయం లేదు. ఇలాంటివి అవుతూనే ఉంటాయి, పైగా ఎంతో ఘోరం జరగాల్సింది పాదంతో పోయింది. అందుకు సంతోషించాలి.

బాయి మీద నుంచి మా ఇంటికి చేశారట, ఎంగేజ్. మళ్లీ చేశారట, ఎంగేజ్. దవాఖాన నుంచి కూడా చేశారట. ధరణి ఆ పక్కనే బియ్యం ఏరుకుంటూ కూర్చుని ఉంది. కంప్యూటర్ నల్లగా ఉంది కాబట్టి ఫోన్ ఖాళీగానే ఉందనుకుంది. చివరికి పక్కింటి సారవ్వ నల్లా దగ్గర విని వచ్చి "ఇంక ఇంట్లనే కూసున్నవేందే, మీ బాపు దవాఖానల ఉన్నడు" అంటే అప్పుడు తెలిసింది. తలుపుకు తాళం కూడా వెయ్యకుండా పరిగెత్తింది. ఎవరైనా దూరి కంప్యూటర్ ఎత్తుకుపోతే?

నేను ఆ సమయానికి ఇంట్లో లేనే లేను.

ఏప్రిల్ 26

దవాఖానకు వెళ్లాను. బత్తాయిలు తీసుకెళ్లాను.

మామయ్య కాలికి కట్టు వేసుకుని మంచం మీద ఉన్నాడు. అత్తమ్మ కనకవ్వ కాళ్ల దగ్గర, ధరణి తల దగ్గర. మామయ్య నన్ను చూసి నవ్వి, "రా అల్లుడా" అని పక్కకు జరిగాడు. మొన్న జరిగిందంతా చెప్పాడు. బిడ్డ వచ్చేదాకా కాలు ముట్టనియ్యనని డాక్టరుతో కొట్లాడాడట. తర్వాత ధరణి వైపు తిరిగి, మెల్లగానే అడిగాడు.

"అంతసేపు ఎవ్వల్తోని ముచ్చట పెట్టినవు బిడ్డా? నేను బాయిల ఉన్న అని ఎరుకలేదా?"

ధరణి నా వైపు చూసింది. నేను బత్తాయి ఒలుస్తున్నాను.

"ఎరుకలేదు బాపు. రెండో షిఫ్టనుకున్న" అంది.

అబద్ధం. ఆయన షిఫ్టు ఆమెకు తెలియని రోజు లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి లేదు. ఎందుకలా చెప్పిందో నాకు అర్థం కాలేదు. అవునులే, రోగి దగ్గర పెద్ద చర్చ ఎందుకని కాబోలు. మంచి ఆలోచనే.

ఏప్రిల్ 30

మామయ్యను ఇంటికి పంపారు. ధరణి ఆయనతోనే సెంటినరీ కాలనీకి వెళ్లింది. కాలు విరిగిన మనిషికి కూతురు చెయ్యకపోతే ఎవరు చేస్తారు? నాలుగు రోజుల్లో వస్తుంది.

మే 5

నాలుగు రోజుల్లో వస్తుంది.

మే 8

క్వార్టర్‌కు వెళ్లాను. మామయ్య నిద్రపోతున్నాడు. ధరణి గుమ్మం బయటే నిలబడి మాట్లాడింది.

"ఎప్పుడొస్తావు?"

"బాపు మల్ల డ్యూటీ ఎక్కేదాక రాను."

"అది నెలల మాట ధరణీ."

"అయితే నెలలే." తలుపు దగ్గరికి వేసి అంది, "మానిటర్ ఎందుకు బంద్ చేసి పోయినవు?"

"కరెంటు..."

"కరెంటు గురించి నాకు చెప్పకు. నేను చూడొద్దని చేసినవు. మా బాపు ఇప్పటికి సుత నేనే ఫోన్ల ముచ్చట్లు పెట్టిన అనుకుంటుండు."

"నువ్వే కదా అలా చెప్పావు."

నోరు తెరిచాక తెలిసింది అనకూడదని. లోపలికి వెళ్లిపోయింది.

మే 9

బాగా ఆలోచించాను. అసలు సమస్య వేగం. ఆ రోజు ఆ ఫైలు అయిదు నిమిషాల్లో దిగి ఉంటే ఫోన్ ఖాళీ అయ్యేది, అందరి ఫోన్లూ అందేవి. కాబట్టి కావాల్సింది ఇంకా వేగం. దీన్ని ఊరందరి ముందూ నిరూపిస్తే ధరణికీ అర్థమవుతుంది.

కిషన్‌తో పందెం కాశాను. వచ్చే ఆదివారం క్లబ్బులో. ఒక బల్ల మీద వాడి బ్రాడ్‌బ్యాండ్, ఇంకో బల్ల మీద నా తుఫాన్. ఒకే పేజీ. ఎవరిది ముందు తెరుచుకుంటే వాళ్లు గెలిచినట్టు. తీర్పు వెంకటరామయ్య గారిది.

"పేజీ నువ్వే చెప్పన్నా, నాకేదైన ఒకటే" అన్నాడు కిషన్. వీడి ధైర్యమేమిటో!

క్రికెట్ పేజీ చెప్పాను.

మే 13

క్రికెట్ పేజీని సెంటర్‌లో ఒకటికి నాలుగుసార్లు తెరిచి చూసుకున్నాను. తుఫాన్ దాన్ని శుభ్రంగా దాచుకుంది. రేపు ఈ కంప్యూటర్‌నే క్లబ్బుకు మోయిస్తాను. మోసమేం కాదు, సన్నాహం. పరుగుపందెం ముందు కాళ్లు సాగదీసుకోరా?

ధరణికి కబురు పంపాను. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

మే 14

గెలిచాను.

సెలవు రోజు కాబట్టి క్లబ్బు హాలు నిండిపోయింది. క్వార్టర్ల నుంచి ఆడవాళ్లు కూడా చాలామంది వచ్చారు. వెనక గోడ దగ్గర ధరణి, అత్తమ్మ.

వెంకటరామయ్య గారు చేతిరుమాలు ఊపారు. నా పేజీ టప్పున తెరుచుకుంది. కిషన్‌ది ఇంకా సగంలో ఉంది! లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తాను. వెంకటరామయ్య గారు "రఘురామ్!" అని అరిచారు.

ముందు వరసలో కిషన్ స్నేహితుడు ప్రశాంత్ నా తెర మీదికి వంగాడు. "సార్, మీ దాంట్ల మ్యాచ్ రేపు అని ఉన్నది. మ్యాచ్ ఇయ్యాల నడుస్తుంది కదా." అప్పటికి తెరుచుకున్న కిషన్ పేజీలో స్కోరు ఉంది, మూడు వికెట్లు పడ్డాయి కూడా.

"నిన్నటి పేపర్ మస్తు జల్ది తెచ్చిండు సారు!" అని ఎవడో వెనక నుంచి అన్నాడు. హాలంతా నవ్వు.

నవ్వనీ. పందెం వేగం గురించి, స్కోరు గురించి కాదు. అదే చెప్పబోతున్నాను, ఇంతలో ఫోన్ మోగింది.

కిషన్ బల్ల మీది ఫోన్. బ్రాడ్‌బ్యాండ్ తగిలించి ఉన్న లైనుదే. వాడు విసుక్కుంటూ ఎత్తాడు. "ఆఁ అవ్వా... తినలే... ఇక్కడ పని మీద ఉన్న. జెరసేపట్ల వస్త, గిన్నెల పెట్టి ఉంచు." అంతే. వాళ్లమ్మ లస్మవ్వ, తిన్నావా అని అడగడానికి చేసింది. పెట్టేశాడు. వాడి తెర మీద స్కోరు మారింది.

నవ్వు ఆగిపోయింది. నేనింకా చేతులెత్తే ఉన్నాను. ఆడవాళ్లెవరూ నన్ను చూడటం లేదు. సారవ్వ ముందుకొచ్చి ఆ ఫోన్‌ను వేలితో చూపించింది.

"అయ్యా కిషనూ, నెట్టు నడుస్తుండంగనే మోగిందా అది?"

"అవునక్క. రెండిటికీ ఒకటే తీగ గని, దేని తొవ్వ దానిదే."

"నెట్టు బంద్ చెయ్యకుంటనే?"

"బంద్ చెయ్యకుంటనే."

"మల్లోసారి మోగిపియ్యి."

ప్రశాంత్ బయటికి వెళ్లి క్లబ్బు ఆఫీసు నుంచి చేశాడు. మోగింది. ఆడవాళ్లందరూ దాన్ని చూస్తున్నారు. ఇంకోసారి మోగించమన్నారు. మళ్లీ మోగింది.

తర్వాత నా బల్ల దగ్గర వెంకటరామయ్య గారు, నేను మిగిలాం. "కంగ్రాట్స్ రఘూ" అన్నారాయన. కిషన్ బల్ల చుట్టూ పేర్లు రాయించుకునేవాళ్ల గుంపు. ధరణి కోసం చూశాను. వెళ్లిపోయింది.

మే 15

ఒక్కరూ వేగం గురించి అడగలేదు. ఒక్కరంటే ఒక్కరు! బ్రాడ్‌బ్యాండ్ ఎంత వేగమో కిషన్‌కే తెలియదు. వాళ్లమ్మకు కొడుకు తిన్నాడో లేదో అనుమానం వచ్చింది కాబట్టి నా ఏజెన్సీ పోయింది.

సెంటర్ తెరవలేదు. ఇంట్లో ఫోన్ పక్కన కూర్చున్నాను. అక్కడే, ధరణి బియ్యం ఏరుకుంటూ కూర్చున్న చోట. కూర్చుంటే తెలిసింది, అక్కడి నుంచి చెయ్యి చాస్తే ఫోన్ అందుతుంది. అందుకే ఎప్పుడూ అక్కడే కూర్చునేది. ఆ పూటంతా అలాగే కూర్చుంది. మోగలేదు కాబట్టి బాపు బాగానే ఉన్నాడనుకుంది. అవతల ఆయన కట్టు కట్టనియ్యకుండా బిడ్డ కోసం చూస్తున్నాడు.

సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

మే 16

తుఫాన్ పెట్టెల్ని అటక మీద పెట్టించాను. హైదరాబాద్ వాళ్లు అమ్మకాలు ఎలా ఉన్నాయని మెయిల్ పెట్టారు. మెయిల్ మాత్రం వేగంగానే వచ్చింది.

జూన్ 3

కిషన్ దగ్గర నా పేరూ రాయించాను. "అన్నా, నీకు ముందుగాల ఇప్పిస్త" అన్నాడు వెధవ, ఎంతో ప్రేమగా. వద్దు, వరసలోనే రానీ అన్నాను. ఆ వరస ఎప్పటికి తెమిలేనో. సెంటర్‌లో పాత లైన్ల మీద పాత వేగంతోనే నడుపుతున్నాను. ఇంటి ఫోన్ మాత్రం ఖాళీ. ధరణి చెయ్యదు.

జూన్ 19

అత్తమ్మవాళ్లు క్వార్టర్‌లో ఫోన్ పెట్టించుకున్నారట. నంబరు నాకు సారవ్వ చెప్పింది.

జూలై 9

రేపటి నుంచి మామయ్యకు డ్యూటీ. బాయి మీద పని చూసుకోమంటే వినకుండా లోపలికే దిగుతానన్నాడట. మొదటి షిఫ్టు. ఈసారి సదయ్యను అడిగి కనుక్కున్నాను. సదయ్య ఆయనతో ఒకే షిఫ్టులో దిగుతాడు.

జూలై 10

సెంటర్ తెరవకుండా సెంటినరీ కాలనీ బస్సెక్కాను. వెళ్లేసరికి మామయ్య డ్యూటీకి వెళ్లిపోయాడు.

"దేనికొచ్చినవు?" అంది ధరణి.

కొత్త ఫోన్ లైను బాగా పనిచేస్తోందో లేదో చూద్దామని, అన్నాను. ఇంతకంటే తెలివైన మాట దారంతా ఆలోచించినా దొరకలేదు. అత్తమ్మ కుర్చీ వేసింది.

ఫోన్ గోడ అలమరలో ఉంది. ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. దాన్ని ఎవరూ చూడటం లేదు, ఎవరూ లేచి దూరంగా వెళ్లడమూ లేదు. అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచింది. తుంచినవే మళ్లీ తుంచింది. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అయి కిటికీలు అదిరాయి. నేను ఉలిక్కిపడ్డాను. అత్తమ్మ "అది కాదులే బిడ్డా" అంది.

ఈ ఇంట్లో రోజూ ఇంతేనా? పెళ్లయి ఇన్నేళ్లయింది, ఒక్క షిఫ్టు కూడా ఇక్కడ కూర్చోలేదు నేను.

ఎండ గుమ్మం దాకా వచ్చాక ఫోన్ మోగింది.

అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయలు కింద పడ్డాయి. ధరణి లేచింది, కానీ చెయ్యి ముందుకు పోలేదు. నేనే ఎత్తాను. రిసీవర్ చెవికి ఆనించాను.

"రఘూ? వెంకటరామయ్యనయ్యా. సెంటర్ మూసేసి అక్కడేం చేస్తున్నావు? నంబరు ఎక్కడెక్కడో అడిగి పట్టుకున్నాను. ఒక సంబంధం వచ్చిందయ్యా, దివ్యంగా ఉంది, కానీ నీ తుఫాన్‌లో ఆ పిల్ల ముక్కు..."

"ఫోన్ పెట్టెయ్యండి."

"ఆఁ?"

"షిఫ్టు నడుస్తోందండీ! ఈ ఇంటి మనిషి బాయిలో ఉన్నాడు. ఇప్పుడు ఎవరైనా ఈ నంబరుకు చేస్తారా? బుద్ధుండక్కర్లేదూ? పెట్టెయ్యండి!"

నాన్న స్నేహితుడి మీద జన్మలో మొదటిసారి అరిచాను. పెట్టేసి, మళ్లీ ఎత్తి లైను ఉందో లేదో విని, సరిగ్గా పెట్టాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ధరణి కూర్చుని, కింద పడ్డ చిక్కుడుకాయలు ఏరింది.

షిఫ్టు దిగి మామయ్య వచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"ఏంది అల్లుడా, దుకాణం బంద్ పెట్టినవా?"

ఇక ఆగితే ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. నిలబడే చెప్పాను. "మామా, ఆ రోజు ఫోన్‌లో ధరణి ఎవరితోనూ మాట్లాడలేదు. నేను కంప్యూటర్‌కు తగిలించి, ధరణికి తెలియకుండా తెర ఆపేసి వెళ్లాను. కంప్యూటరే లైను పట్టుకుని ఉంది."

మామయ్య ధరణిని చూశాడు. ధరణి నేల చూసింది. ఆయన మెల్లగా మంచం మీద కూర్చుని, బూటు విప్పుకుని, పాదం రుద్దుకున్నాడు. అప్పుడన్నాడు.

"నా బిడ్డను ఉత్తగనే అన్న గదా." ధరణి తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ పూటంత ఏం ముచ్చట పెట్టిందిరా నీ కంప్యూటరు?"

ఆయన వెక్కిరించడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను చెప్పాలని చూశాను. బొమ్మల్లో ముక్కులు కనబడటానికి కొత్త తుఫాన్‌ను దించుకుంటోందని చెప్పాలి.

"ఏం లేదు మామా" అన్నాను.

"ఏం లేనిదానికి అంతసేపా!" అన్నాడు.

చీకటి పడకముందే లేచాను. ధరణి బస్సు దాకా రాలేదు. గేటు దాకా వచ్చింది. ఇంటికి వస్తావా అని అడగడానికి ధైర్యం చాల్లేదు. గేటు గొళ్లెం వేస్తూ తనే అంది.

"రేపు సుత మొదటి షిఫ్టే. జల్ది రా."

జూలై 11

జల్దిగానే వెళ్లాను. ఫోన్ మోగలేదు.